అమెరికాలో మీ ఇంటి పాత కాగితాల్లో జాతి నిబంధన ఉందేమో చూసుకోవడం ఎలా, ఉంటే ఏం చేయాలి

మన దగ్గర నాలుగు గజాల స్థలం కొనాలన్నా ఈసీ తీయిస్తాం, 30 ఏళ్ళ లింక్ డాక్యుమెంట్లు ముందేసుకుని కూర్చుంటాం, తెలిసిన లాయర్ కి ఒకసారి చూపిస్తాం. అదే మనవాళ్ళు అమెరికాలో ఐదారు లక్షల డాలర్ల ఇల్లు కొంటే మాత్రం క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు చేతులు మారే రోజు, ఇచ్చిన కట్ట మీద వరసగా సంతకాలు పెట్టేసి, తాళాలు తీసుకుని, పాలు పొంగించి, ఆ కట్టని అల్మరాలో పెట్టేస్తారు. హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ చూసే ఉంటుందిలే అని. చూస్తుంది, నిజమే. కానీ ఆ ఇల్లు 1950 కంటే ముందుదైతే ఆ కట్ట వెనకాల ఉండే పాత డీడ్ (దస్తావేజు) లో ఇలాంటి వాక్యం ఉండే అవకాశం బాగానే ఉంది: ఈ స్థలాన్ని చైనీయులు, జపనీయులు, మూర్లు, టర్కులు, నీగ్రోలు, మంగోలియన్లు, ఆఫ్రికన్ రక్తం లేదా సంతతి ఉన్నవాళ్ళు, వీళ్ళలో ఎవరికీ ఎప్పుడూ అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, లీజుకి ఇవ్వకూడదు. ఇది 1910 లో మినియాపోలిస్ లో రాసిన డీడ్ లోది. తర్వాత నలభై ఏళ్ళ పాటు దేశమంతా ఇలాంటివి లక్షల్లో రాసుకున్నారు. వీటిని రేషియల్ కవనెంట్స్ అంటారు.

ఇవి ఇప్పుడు చెల్లవు, దీనివల్ల మీ ఇంటికి ఏమీ కాదు, భయపడక్కర్లేదు. మరి చెల్లని కాగితం కోసం ఎందుకు వెతకాలి అంటే, ఎవరికి ఇల్లు దొరికింది ఎవరికి దొరకలేదు, ఆ దొరికిన ఇంటి విలువ పెరిగి ఎవరి పిల్లల చదువుకి డౌన్ పేమెంట్ కి పనికొచ్చింది అన్నది ఈ కాగితాల్లోనే ఉంది కాబట్టి, ఆ లెక్క ఇంకా నడుస్తోంది కాబట్టి, మనం ఇల్లు కొన్న రోజు నుంచి మనం కూడా ఆ లెక్కలో ఉన్నాం కాబట్టి.

ముందు కాగితం ఎలా పట్టుకోవాలి

మొదట మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) అసెసర్, అంటే ఆస్తి పన్ను లెక్కకట్టే ఆఫీసు, వెబ్‌సైట్ లో మీ అడ్రస్ కొట్టండి. ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు, సబ్‌డివిజన్ (లేఔట్) పేరేంటి, లాట్ నంబర్, బ్లాక్ నంబర్ వస్తాయి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే పాత రికార్డుల్లో ఇంటి అడ్రస్ తో వెతికితే ఏమీ దొరకదు, లాట్, బ్లాక్, సబ్‌డివిజన్ పేరుతోనే వెతకాలి.

తర్వాత క్లోజింగ్ కి ముందు టైటిల్ కంపెనీ మీకు పంపిన టైటిల్ కమిట్‌మెంట్ తీయండి, ఈమెయిల్ లో పీడీఎఫ్ ఉంటుంది, అసలు కిటుకు ఇక్కడే ఉంది. అందులో షెడ్యూల్ బి అని ఒక భాగం ఉంటుంది, దాంట్లో ఎక్సెప్షన్స్ అని వరసగా రాస్తారు. అక్కడ చాలాసార్లు ఇలా ఉంటుంది, ఫలానా వాల్యూమ్ ఫలానా పేజీలో రికార్డ్ అయిన నిబంధనలు వర్తిస్తాయి, జాతి, రంగు, మతం మీద ఆధారపడ్డ నిబంధనలు ఏవైనా ఉంటే అవి మినహా, అని. అందరూ చదవకుండా దాటేసే లైన్ అది. చాలా కంపెనీలు అన్ని కమిట్‌మెంట్లలోనూ అదే వాక్యం వేసేస్తాయి కాబట్టి అది కనిపించినంత మాత్రాన మీ ఇంటికి జాతి నిబంధన ఉందని కాదు. కానీ ఆ వాల్యూమ్, పేజీ నంబర్లు మాత్రం బంగారం, ఎక్కడ వెతకాలో అవే చెప్తాయి.

ఆ నంబర్లతో కౌంటీ రికార్డర్ ఆఫీస్ కి వెళ్ళాలి. రాష్ట్రాన్ని బట్టి పేరు మారుతుంది, టెక్సస్ లో కౌంటీ క్లర్క్, వాషింగ్టన్ రాష్ట్రంలో ఎక్కువ కౌంటీల్లో ఆడిటర్, కొన్ని చోట్ల రిజిస్టర్ ఆఫ్ డీడ్స్. కొన్ని కౌంటీలు పాతవి కూడా స్కాన్ చేసి ఆన్‌లైన్ లో పెట్టాయి, కొన్నిట్లో పాతవి మైక్రోఫిల్మ్ మీదే ఉంటాయి, స్వయంగా వెళ్ళాల్సిందే. మొహమాటం అక్కర్లేదు, ఇవి పబ్లిక్ రికార్డులు, ఎవరైనా అడగొచ్చు, కాపీకి పేజీకింత అని తీసుకుంటారు. ఒక్క మీ ఇంటి డీడ్ చూసి ఆపేయొద్దు, చాలాసార్లు నిబంధన డీడ్ లో ఉండదు, ఆ లేఔట్ మొత్తానికి డెవలపర్ ఒకేసారి రికార్డ్ చేయించిన డిక్లరేషన్ ఆఫ్ రిస్ట్రిక్షన్స్ లో ఉంటుంది, కాబట్టి సబ్‌డివిజన్ పేరు మీద అది కూడా అడగండి.

చేతికొచ్చాక ఓపిగ్గా చదవాలి. ఇల్లు రోడ్డుకి ఇన్ని అడుగులు వెనక్కి ఉండాలి, కోళ్ళు పెంచకూడదు, సారా అమ్మకూడదు, ఇంత డబ్బుకి తక్కువ కాకుండా కట్టాలి, ఇలా వెళ్తూ వెళ్తూ మధ్యలో అదే గొంతుతో, కాకేసియన్ జాతి వాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ ఇంట్లో ఉండకూడదు అని వస్తుంది. వెస్ట్ కోస్ట్ డీడ్స్ లో ఏషియాటిక్, మలయ్ అని ఉంటాయి, కొన్నిట్లో హిందూ అని కూడా, అంటే ఆ రోజుల్లో ఇండియా నుంచి వచ్చిన సిక్కులు, ముస్లింలు అందరినీ కలిపి. చాలావాటిల్లో ఇంకో చిన్న మినహాయింపు ఉంటుంది, యజమాని దగ్గర పనిచేసే ఇంటి పనివాళ్ళు అయితే ఉండొచ్చు అని. ఆ ఒక్క ముక్క చదివితే చాలు ఇక వేరే వివరణ అవసరం లేదు. వంట చేయొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, రాత్రి పడుకోవచ్చు, సొంతదారుగా మాత్రం ఉండకూడదు.

మినియాపోలిస్ వైపు వాళ్ళకి సగం పని అయిపోయినట్టే, యూనివర్సిటీ ఆఫ్ మినెసోటా వాళ్ళ మ్యాపింగ్ ప్రెజుడిస్ ప్రాజెక్ట్ 2016 నుంచి ఈ డీడ్స్ ఏరి మ్యాప్ మీద పెడుతోంది, ఒక్క మినియాపోలిస్ లోనే వేలల్లో తేలాయి. సియాటిల్ వైపు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు ఇలాంటి పనే చేశారు. ముందు ఇవి చూసి తర్వాత ఆఫీసుకి వెళ్ళండి.

కాగితం మీద తేదీ చూసి అర్థం చేసుకోవడం

డీడ్ మీద సంవత్సరం చాలా చెప్తుంది. 1917 కి ముందు కొన్ని ఊళ్ళు చట్టమే చేశాయి, ఈ వీధి తెల్లవాళ్ళది ఈ వీధి నల్లవాళ్ళది అని. 1917 లో కెంటకీ రాష్ట్రం లూయివిల్ కేసులో సుప్రీంకోర్టు ఊరు అలా చట్టం చేయడానికి వీల్లేదంది. దాంతో ఆ పని ప్రైవేటు కాగితాల్లోకి మారింది, 1926 లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు ఒప్పందాల జోలికి మేం రాం అన్నాక ఇక ఆగలేదు. మీ డీడ్ 1920ల తర్వాతదైతే ఈ వరదలో వచ్చిందే.

ఆ తర్వాత సెయింట్ లూయిస్ కథ. షెల్లీ దంపతులు మిసిసిపీ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబం, ఆరుగురు పిల్లలు. 1945 లో లబాడీ ఎవెన్యూ లో 4600 నంబర్ ఇల్లు కొనుక్కున్నారు. ఆ వీధిలో యజమానులు 1911 లోనే సంతకాలు పెట్టుకుని ఉన్నారు, యాభై ఏళ్ళ పాటు నల్లవాళ్ళకి, మంగోలియన్ జాతి వాళ్ళకి ఇవ్వం అని. ఆ సంగతి షెల్లీ వాళ్ళకి కొనేటప్పుడు తెలీదు. అదే ఒప్పందం కింద ఉన్న ఇంకో ఇంటి వాళ్ళు, క్రేమర్ కుటుంబం, వీళ్ళని ఖాళీ చేయించమని కోర్టుకెక్కారు, మిసోరి సుప్రీంకోర్టు వాళ్ళకే వత్తాసు పలికింది. 1948 మే లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది. అప్పుడు కూడా కోర్టు అన్నది ఏంటంటే, మీలో మీరు రాసుకోవడం తప్పు అనలేదు, దాన్ని అమలు చేయమని కోర్టుని అడిగితే కోర్టు చేయదు అంది అంతే. అందుకే 1948 తర్వాత కూడా మీకు ఇలాంటి డీడ్స్ కనిపిస్తాయి, ఆశ్చర్యపోకండి. పూర్తిగా చట్టవిరుద్ధం అయింది 1968 ఏప్రిల్ లో ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ తోనే, అది కూడా మార్టిన్ లూథర్ కింగ్ ని చంపేసిన వారం రోజులకి సంతకం అయింది.

రెడ్‌లైనింగ్ మ్యాప్ చదవడం

రెండో పని ఇంట్లో కూర్చుని చేసేది. యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్ వాళ్ళ మ్యాపింగ్ ఇనీక్వాలిటీ అనే వెబ్‌సైట్ తెరిచి మీ ఊరు కొట్టండి, ఫ్రీ. 1930ల్లో హెచ్‌ఓఎల్‌సీ (హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్) అనే ఫెడరల్ సంస్థ 200 పైగా ఊళ్ళకి వేయించిన మ్యాపులు అవి. ఆకుపచ్చ అంటే ఏ గ్రేడ్, నీలం బి, పసుపు సి, ఎరుపు డి. ఎరుపు అంటే ప్రమాదకరం, అప్పు ఇస్తే మునుగుతారు అని. ఇలా ఎరుపు పూసి ఆ పేటలకి అప్పు అందకుండా చేయడాన్నే రెడ్‌లైనింగ్ అంటారు.

రంగులు చూసి మూసేయకండి, ఒక్కో ఏరియా మీద నొక్కితే అప్పటి అధికారి నింపిన ఫారం వస్తుంది, అసలు విషయం దాంట్లో ఉంది. ఇళ్ళ వయసు, రిపేర్, అద్దె ఎంత అని గళ్ళు ఉంటాయి, వాటి పక్కనే ఇంకో గడి, నీగ్రో కుటుంబాలు ఉన్నాయా, ఎంత శాతం, విదేశీ సంతతి ఎంత, ఎవరైనా కొత్తగా చొరబడుతున్నారా. చొరబాటు అనే మాటే వాడారు, అద్దెకి ఇల్లు తీసుకున్న కుటుంబం గురించి. కప్పు కారుతోందా అని అడిగినట్టే పక్కింట్లో నల్లవాళ్ళు ఉన్నారా అని అడిగారు, రెండూ ఇంటి లోపాల్లోనే లెక్క.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఈ మ్యాపే అన్నిటికీ కారణం అని కొంతమంది రాసేస్తుంటారు, అంత సులువు కాదు. ఎక్కువ నష్టం చేసింది 1934 లో పెట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఎఫ్‌హెచ్‌ఏ, అంటే ఇప్పుడు మనవాళ్ళు తక్కువ డౌన్ పేమెంట్ తో ఎఫ్‌హెచ్‌ఏ లోన్ అని తీసుకుంటారే అదే సంస్థ. బ్యాంకు ఇచ్చే లోన్ కి గ్యారంటీ ఇచ్చేది అది, వాళ్ళ మాన్యువల్ లోనే జాతి నిబంధనలు ఉంటే మంచిదని రాశారు. డెట్రాయిట్ లో 1941 లో ఒక బిల్డర్ తెల్లవాళ్ళ కోసం లేఔట్ వేస్తే, పక్కనే నల్లవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి కాబట్టి గ్యారంటీ రాదన్నారు, దాంతో మధ్యలో ఆరడుగుల ఎత్తు కాంక్రీటు గోడ దాదాపు అర మైలు పొడవునా కట్టాడు, లోన్లు వచ్చేశాయి. ఆ గోడ ఎయిట్ మైల్ రోడ్ దగ్గర ఇప్పటికీ ఉంది, మిషిగన్ లో ఉండేవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

మ్యాప్ లో మీ ఊరి ఎరుపు ఏరియాలు గుర్తుపెట్టుకుని ఇప్పటి గూగుల్ మ్యాప్ పక్కన పెట్టండి. ఇంటర్‌స్టేట్ హైవే ఎక్కడ నుంచి పోతోంది, చెట్లు ఎక్కడ ఉన్నాయి చూడండి. సెయింట్ పాల్ లో రోండో అనే నల్లవాళ్ళ పేట మీదుగా ఐ-94 వేశారు, డెట్రాయిట్ లో బ్లాక్ బాటమ్ మీదుగా ఐ-375. 108 ఊళ్ళు తీసుకుని 2020 లో చేసిన ఒక పరిశోధనలో ఎరుపు ఏరియాలు మిగతావాటి కంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నాయని తేలింది. 90 ఏళ్ళ కిందటి రంగు ఇవాళ్టి ఎండలో తెలుస్తోంది.

మా సబ్‌డివిజన్ 2008 లో వేశారు, మాకేం సంబంధం అనేవాళ్ళకి

ఫ్రిస్కో, కేటీ, సమామిష్, కమింగ్ లాంటి కొత్త శివారు ఊళ్ళలో ఉండే మనవాళ్ళలో చాలామందికి పై రెండూ దొరకవు, అప్పట్లో అవి పొలాలో అడవులో కాబట్టి. అలాంటప్పుడు వెతకాల్సింది ఆ నేలకి అంతకుముందు ఏం జరిగింది అని. కౌంటీ హిస్టారికల్ సొసైటీ, పబ్లిక్ లైబ్రరీ లో లోకల్ హిస్టరీ సెక్షన్, ఊళ్ళో పాత నల్లవాళ్ళ చర్చి, ఈ మూడు చోట్ల అడిగితే చాలావరకు తెలుస్తుంది.

ఉదాహరణకి హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్. మన తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. 2018 లో అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ కొత్త కెరీర్ సెంటర్ కోసం తవ్వుతుంటే 95 మంది అస్థికలు బయటపడ్డాయి. బానిసత్వం పోయాక చిన్న చిన్న కేసుల్లో కూడా నల్లవాళ్ళని జైల్లో వేసి ఆ ఖైదీలని చెరుకు తోటలకి అద్దెకిచ్చేవాళ్ళు, కాన్విక్ట్ లీజింగ్ అంటారు. 1865 లో బానిసత్వం రద్దు చేసిన రాజ్యాంగ సవరణలోనే నేరానికి శిక్షగా అయితే తప్ప అనే మినహాయింపు ఉంది, దాన్ని పట్టుకునే ఇదంతా నడిపారు. ఆ తోటల్లో చచ్చిపోయినవాళ్ళని అక్కడే పాతేశారు. రెజినాల్డ్ మూర్ అనే ఆయన, ఒకప్పుడు జైలు గార్డుగా చేసినాయన, ఇక్కడ సమాధులు ఉంటాయి చూడండి అని ఎన్నో ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాడు, అస్థికలు బయటపడేదాకా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ ఊళ్ళో ఇల్లు ఉన్న ప్రతి తెలుగు కుటుంబం ఈ ఒక్క విషయం పిల్లలకి చెప్తే చాలు అనిపిస్తుంది నాకు.

మన లెక్క ఎక్కడ మొదలైంది

ఈ వెతుకులాటలో మనవాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట, మేం రెండు సూట్‌కేసులతో వచ్చాం, కష్టపడి కొనుక్కున్నాం, మాకెవరూ ఊరికే ఇవ్వలేదు అని. కష్టపడ్డది నిజం, ఎవరూ కాదనరు. కానీ ఆ సూట్‌కేసులతో లోపలికి రానిచ్చిన తలుపు ఎలా తెరుచుకుందో చూడండి. 1923 లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం రాదంది, అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళకి కూడా వెనక్కి తీసుకున్నారు. వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన 1915 లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వచ్చి బర్కిలీ లో ఇల్లు కొంటే, సామాను తీసుకుని వెళ్ళేసరికి చుట్టుపక్కల వాళ్ళు ఇంటికి తాళాలు వేసి పెట్టారు. పౌరసత్వం పోయాక 1928 లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1946 లో చట్టం మారితే ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. మనలాంటి వాళ్ళకి తలుపు తెరిచింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం, అది నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన సివిల్ రైట్స్ చట్టాల వెనకే వచ్చింది. పైగా ఆ తలుపులోంచి వచ్చింది డాక్టర్లు, ఇంజినీర్లు, చదువుకున్నవాళ్ళు, అంటే ఏరి తీసుకున్నవాళ్ళం.

ఆ చదువు చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళని, చదువు దగ్గరే ఆపేయబడ్డ నల్లవాళ్ళతో పోల్చడం న్యాయం కాదు. లోన్ల దగ్గరా అదే కథ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వ గ్యారంటీతో లోన్లు ఇచ్చారు కదా, 1947 లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 ఊళ్ళలో ఇచ్చిన 3,229 లోన్లలో నల్లజాతి సైనికులకి వచ్చినవి 2. రెండే. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం మధ్యస్థ కుటుంబ ఆస్తి తెల్లవాళ్ళకి 2,85,000 డాలర్లు, నల్లవాళ్ళకి 44,900. ఏషియన్లకి 5,36,000. ఈ మూడో అంకె చూపించి, చూశారా కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చు అంటారు మనవాళ్ళు కొందరు, అది వినగానే నాకు కోపం వస్తుంది.

నిబంధన దొరికితే ఏం చేయాలి

చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు దీనికి చట్టం ఉంది, లాయర్ అక్కర్లేకుండా అయిపోతుంది. కాలిఫోర్నియాలో రిస్ట్రిక్టివ్ కవనెంట్ మాడిఫికేషన్ అనే ఫారం నింపి కౌంటీ రికార్డర్ కి ఇవ్వాలి, పాత డీడ్ కాపీ జతచేసి. మినెసోటాలో 2019 నుంచి, వర్జీనియాలో 2020 నుంచి ఇలాంటి వీలు ఉంది, వాషింగ్టన్ లో కూడా ఉంది. చాలా చోట్ల ఫీజు ఉండదు, ఉన్నా కొద్దిగానే. కౌంటీ వెబ్‌సైట్ లో కవనెంట్ అని వెతికితే ఫారం దొరుకుతుంది, ఎవరైనా వందల డాలర్లు తీసుకుని చేసిపెడతాం అంటే ముందు కౌంటీ కి ఫోన్ చేయండి. నిబంధన సబ్‌డివిజన్ మొత్తానిది అయితే హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) బోర్డు ద్వారా అందరిదీ ఒకేసారి చేయించొచ్చు, మీటింగ్ లో ఎజెండాలో పెట్టించండి. నా మాట ఒకటే, తీసేసే ముందు ఒక కాపీ దాచండి, అది జరగలేదు అని రేపు ఎవరూ అనకుండా.

వాషింగ్టన్ వాళ్ళకి ఇంకోటి. 2023 లో అక్కడ కవనెంట్ హోమ్‌ఓనర్‌షిప్ చట్టం వచ్చింది, ఇలా నష్టపోయిన కుటుంబాల వాళ్ళు మొదటి ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంట్ కి సాయం చేస్తారు, డబ్బు డాక్యుమెంట్ రికార్డింగ్ ఫీజు నుంచి వస్తుంది. ఏషియన్ ఇండియన్స్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. కానీ ఆశపడకండి, మీరో మీ తల్లిదండ్రులో తాతముత్తాతలో 1968 ఏప్రిల్ కి ముందు ఆ రాష్ట్రంలో ఉండి ఉండాలి. 1907 లో బెల్లింగ్‌హమ్ లో మిల్లుల్లో పనిచేసే పంజాబీలని గుంపులు కొట్టి తరిమేశాయి, అలాంటి రోజుల్లో ఉన్నవాళ్ళ మనవల కోసం అది. నిన్న మొన్న వచ్చిన మనకోసం కాదు, కాకపోవడమే సబబు.

కాగితం సరిచేశాక

అసలు పరీక్ష మన నోటి మాటల దగ్గర. ఇల్లు చూసేటప్పుడు రియల్టర్ ని ఆ ఏరియాలో ఎవరుంటారు, మంచివాళ్ళేనా అని అడగడం మానేయండి, జాతి చూసి మిమ్మల్ని ఒక ఏరియాకి నడిపిస్తే రియల్టర్ చట్టం తప్పినట్టు. ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు వాట్సాప్ గ్రూపులో ఇండియన్స్ ఓన్లీ, తెలుగు ఫ్యామిలీకి మాత్రమే అని పెడుతుంటారు చాలామంది, ఏమీ అనుకోకుండా. అలా ప్రకటన ఇవ్వడం ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం తప్పు, జాతి, మతం, పుట్టిన దేశం మీద ఇష్టం చూపించే ప్రకటన ఏదైనా సరే. మీ పాత డీడ్ లో ఉన్న వాక్యానికి ఈ మెసేజ్ కి ఎంత దూరం ఉందో మీరే చూసుకోండి.

మీ వీధి చివర అపార్ట్‌మెంట్లు వస్తాయని, స్కూల్ హద్దులు మారుస్తారని నోటీసు వస్తే మన గ్రూపుల్లో పిటిషన్ లింక్ పది నిమిషాల్లో తిరుగుతుంది. సంతకం పెట్టే ముందు ఆ అపార్ట్‌మెంట్లలో ఎవరు ఉండబోతున్నారు, ఆ స్కూల్ కి ఎవరి పిల్లలు రాబోతున్నారు అని ఒకసారి అడగండి. ట్రాఫిక్ గురించి నిజమైన బాధ ఉంటే హియరింగ్ లో ట్రాఫిక్ గురించే మాట్లాడండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇదంతా చెప్తే వాళ్ళకి అర్థం కాదేమో అనుకోవద్దు, మనకంటే బాగా అర్థమవుతుంది. ఊళ్ళో ఏ వాడ ఎక్కడుంటుందో, ఏ బావిలో ఎవరు నీళ్ళు తోడకూడదో వాళ్ళు చూసి పెరిగారు. హైదరాబాద్ లో ఇప్పటికీ టూలెట్ బోర్డు చూసి వెళ్తే ఓనర్ అడిగేది మీరేమిటోళ్ళు అనే. ఈ విషయం వచ్చినప్పుడు మనం అక్కడ ఎటువైపు ఉన్నామో కూడా పిల్లలకి దాచకుండా చెప్పాలి. 2023 లో సియాటిల్ కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసిందంటే మనం ఆ అలవాటు కూడా సూట్‌కేసులో తెచ్చుకున్నాం కాబట్టే.

ఇక వారాంతంలో గంట ఖాళీ ఉండి ఏదైనా చేయాలనుకునేవాళ్ళకి, మ్యాపింగ్ ప్రెజుడిస్ వాళ్ళకి వాలంటీర్లు కావాలి, మినెసోటాలో ఉండక్కర్లేదు. కంప్యూటర్ అనుమానించి పక్కనపెట్టిన పాత డీడ్స్ స్క్రీన్ మీద వస్తాయి, నిబంధన ఉందా లేదా చూసి, ఉంటే ఆ వాక్యం, తేదీ, లాట్, బ్లాక్ టైప్ చేయాలి. ఒక్కో డీడ్ ని ఒకరి కంటే ఎక్కువమంది చదువుతారు కాబట్టి తప్పు పోతుందేమో అని భయపడక్కర్లేదు. హైస్కూల్ పిల్లలు పక్కన కూర్చుంటే వాళ్ళతోనే చదివించండి.